నాయన సీపాప్ మాస్క్‌ను రాత్రి ఒంటిగంటకే తీసేస్తున్నారు, ఎలా అలవాటు చేయాలి?

కొర్లగుంట కూతురు
మే 26, రాత్రి 10.52

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. మా నాయనకు 63 ఏళ్లు. సర్వీసంతా ఘాట్ రోడ్డులో బస్సు నడిపి మూడేళ్ల కిందట రిటైరయ్యారు. ఆయన గురక నా చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఈ మధ్య పేపర్ చదువుతూ చదువుతూనే కునుకు పడుతోంది. బీపీకి మూడు రకాల మాత్రలు వాడినా అదుపులోకి రాలేదు. డాక్టర్ గారు స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ ఎలా ఉన్నాయో చూసే టెస్ట్) రాశారు. ఏహెచ్ఐ 48 వచ్చింది. గంటకు 48 సార్లు ఊపిరి పూర్తిగా ఆగడమో, సగమే అందడమో జరుగుతోందన్నమాట. ఈ జబ్బునే స్లీప్ ఆప్నియా అంటారట. రక్తంలో ఆక్సిజన్ 72 శాతం దాకా పడిపోయిన క్షణాలున్నాయి. ఆ కాగితం పట్టుకుని ఆస్పత్రి మెట్ల మీద కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అప్పు చేసి ఆటో సీపాప్ కొన్నాం, నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపే మిషన్. తెచ్చి ఇవాళ్టికి 19 రోజులు. మొదటి రాత్రి గురక లేదు. పదేళ్లుగా హాల్లో పడుకుంటున్న అమ్మ ఆ రాత్రి గదిలోకి వెళ్లింది. చప్పుడు లేకపోయేసరికి భయపడి రెండుసార్లు లేచి, నాయన పొట్ట మీద చెయ్యి పెట్టి చూసిందట, కదులుతోందా లేదా అని.

తర్వాతే తంటా మొదలైంది. పదింటికి పెట్టుకుంటారు, ఒంటిగంట అయ్యేసరికి తీసి పక్కన పెట్టేస్తారు. పొద్దున అడిగితే "ఎప్పుడు తీశానో నాకే తెలీదు" అంటారు. గట్టిగా అడిగితే "ఈ గొట్టం పెట్టుకుని బతకడం కంటే..." అని మాట మింగేస్తారు. మూడు రోజులుగా అసలు ముట్టుకోలేదు. మిషన్ బీరువా పైకెక్కింది. బతిమాలాం, అరిచాం, మనవడి మీద ఒట్టు వేయించుకున్నాం. ఏదీ పనిచేయలేదు. మీ ఇళ్లలో ఎలా అలవాటు చేశారో చెప్పండి.


తిరుచానూరు వాసి
మే 26, రాత్రి 11.15

మా మామయ్యదీ ఇదే కథ అమ్మా. మిషన్ మూలన పడి రెండేళ్లయింది. సమాధానాల కోసం నేనూ చూస్తుంటాను.


మొగిలిఘాట్
మే 27, ఉదయం 5.40

చెల్లీ, మాది పలమనేరు. సొంత లారీ, నేనే డ్రైవర్ని. టమాటా లోడు చెన్నై కోయంబేడుకు వేస్తాను. నాలుగేళ్ల కిందట తెల్లవారుజామున మొగిలి ఘాట్‌లో నిద్రపోయాను. కళ్లు తెరిచే ఉన్నాయి, మనిషిని మాత్రం లేను. క్లీనర్ పిల్లోడు స్టీరింగ్ పట్టుకుని అరిచాడు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. టెస్టులో నాకు వచ్చింది 61.

నేనూ మొదటి రెండు వారాలు మాస్క్ పీకేసినవాణ్ణే. చిన్నప్పుడు బావిలో పడి నీళ్లు తాగినవాణ్ణి. ముక్కు మీద ఏదైనా బిగిస్తే ఆ నీళ్లే గుర్తొస్తాయి. గుండె దడదడ, చెమటలు. ఇంట్లోవాళ్లు మొండితనం అనుకున్నారు. నాకు మార్గం చూపింది స్లీప్ ల్యాబ్‌లో పనిచేసే ఒక సిస్టర్. "వారం రోజులు రాత్రిపూట వాడొద్దు, పగలు టీవీ ముందు కూర్చుని ఆడుకో" అంది. మొదటిరోజు మిషన్ ఆఫ్‌లో ఉంచి, పట్టీలు తగిలించకుండా, ఉత్త మాస్క్‌ను చేత్తో ముక్కుకు ఆనించుకున్నా. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు, అది నా చేతిలోనే ఉంది అన్న ధైర్యం. క్రికెట్ మ్యాచ్‌లో రెండు ఓవర్లు, తర్వాత ఐదు ఓవర్లు. మూడో రోజు పట్టీలు వేసుకున్నా. నాలుగో రోజు గాలి ఆన్ చేసి కూర్చున్నా. ఆరో రోజు మధ్యాహ్నం భోజనం చేసి దాంతోనే కునుకు తీశా. ఆ తర్వాతే రాత్రి.

మీ నాయన డ్రైవర్ కదా, ఆయనకు డ్రైవర్ భాషలో చెప్పండి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిన బండి ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఎత్తు ఎక్కదు, నల్లపొగ కక్కుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. రాత్రంతా ఆయన గుండె అలాంటి బండిని ఘాట్ ఎక్కిస్తోంది. బీపీ మాత్రలు ఎన్ని వేస్తే ఏం లాభం?

కావాలంటే నా నంబరు మెసేజ్‌లో పంపుతాను. ఆయనతో నేను మాట్లాడతాను.


రాత్రి డ్యూటీ
మే 27, మధ్యాహ్నం 2.10

నేను తిరుపతిలో స్లీప్ టెక్నీషియన్‌ని, ఇదే పనిలో పదకొండేళ్లు. లారీ అన్న చెప్పిన పద్ధతి నూటికి నూరుపాళ్లు సరైనది, మేం కూడా అదే చేయిస్తాం. కానీ అది భయపడే మనిషికి మందు. మీ నాయన సమస్య భయం కాకపోవచ్చు. భయపడేవాళ్లు పెట్టుకున్న పది నిమిషాల్లోనే పీకేస్తారు. ఈయన మూడు గంటలు హాయిగా పడుకుని, ఒంటిగంటకు తీస్తున్నారు. రోజూ అదే టైమైతే ఆ టైములో ఏదో ఒకటి జరుగుతోంది. అదేమిటో పట్టుకోవాలి.

మా దగ్గరికి వచ్చే కుటుంబాలన్నీ "ఎలా ఒప్పించాలి" అనే అడుగుతాయి. "ఎందుకు తీస్తున్నారు" అని అడిగేవాళ్లు తక్కువ. మిషన్ మెమరీ కార్డులోనో ఫోన్ యాప్‌లోనో ప్రతి రాత్రి లెక్కా ఉంటుంది. ఎన్నింటికి ఆన్ అయింది, ఎన్నింటికి ఆగింది, లీక్ ఎంత, ప్రెషర్ ఎంత వరకు పెరిగింది. మాస్క్ తీసే ముందు లీక్ పెరిగి ఉంటే సైజు, బిగింపు చూడాలి. ప్రెషర్ బాగా పెరిగి ఉంటే గాలి ఎక్కువై మెలకువ వచ్చిందేమో చూడాలి. రెండూ మామూలుగా ఉండి ఠక్కున ఆగిపోతే మనిషే లేచి తీశాడు. అప్పుడు మనిషినే అడగాలి, నిదానంగా, పగటిపూట, పక్కన ఎవరూ లేనప్పుడు.

ప్రెషర్ అంటే ఎంతో చాలామందికి అంచనా ఉండదు. 10 అని రాశారనుకోండి, అది 10 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి. లోతైన గ్లాసులో నీళ్లు పోసి స్ట్రాను 10 సెంటీమీటర్ల లోతుకు ముంచి ఊదండి. బుడగ రావడానికి ఎంత బలం కావాలో, ఊపిరి వదిలేటప్పుడు అంత గాలికి ఎదురు ఊదాలి. కొత్తవాళ్లకు ఇది కష్టమే, నిజమైన కష్టమే. అందుకే ర్యాంప్ ఉంటుంది. 4 నుంచి మొదలై మెల్లగా పెరుగుతుంది. ఊపిరి వదిలేటప్పుడు గాలి తగ్గించే సెట్టింగ్ కూడా చాలా మిషన్లలో ఉంది. అవి ఆన్‌లో ఉన్నాయో లేదో మీకు మిషన్ ఇచ్చినవాళ్లను అడగండి. ప్రెషర్ అంకెను మాత్రం మీరు మార్చకండి, డాక్టర్‌తోనే మార్పించండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒంటిగంట దాకా పెట్టుకున్నారు కదా, సగం మేలు జరిగిందిలే అనుకోవద్దు. కలలు వచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజాము వైపే ఉంటుంది. ఆ నిద్రలో కండరాలన్నీ వదులైపోతాయి. గొంతు మూసుకుపోవడం చాలామందికి అప్పుడే ఎక్కువ, ఆక్సిజన్ పడిపోయేదీ అప్పుడే. మీ నాయన సరిగ్గా ఆ టైములో మాస్క్ లేకుండా పడుకుంటున్నారు.


గ్రీమ్స్‌పేట రిటైర్డ్
మే 27, సాయంత్రం 6.35

నేను చిత్తూరు. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. నేను మానేసినవాణ్ణి, ఆ పక్షాన కూడా ఒక మాట ఉండాలని రాస్తున్నాను. 52 వేలు పెట్టి కొన్నాను. డీలర్ మనిషి ఇంటికొచ్చి, స్విచ్ ఎక్కడో చూపించి, సంతకం చేయించుకుని పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. మాస్క్ ఒకటే సైజు తెచ్చాడు. కూర్చోబెట్టి ముఖానికి పెట్టి "సరిపోయింది సార్" అన్నాడు. పడుకుంటే కళ్లలోకి గాలి కొట్టేది. బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడింది. ఫోన్ చేస్తే ఇంకో మాస్క్ తొమ్మిది వేలన్నాడు. పొద్దున లేస్తే కడుపు ఉబ్బరం, నోరు ఎండిపోయి నాలుక అతుక్కుపోయేది. 40 రోజులు పోరాడి పెట్టెలో పెట్టేశాను. పేషెంటును తప్పుపట్టే ముందు అతనికి ఎవరు నేర్పించారో అడగండి.


రాత్రి డ్యూటీ
మే 27, రాత్రి 7.50

సార్, మీ మాట అక్షరాలా నిజం. మీరు మానేయలేదు, మీకు అసలు మొదలుపెట్టించనేలేదు. మాస్క్‌ను కూర్చోబెట్టి కొలవకూడదు. పడుకోబెట్టి, మిషన్ ఆన్ చేసి, రాత్రి వచ్చే ప్రెషర్ మీద చూడాలి. పడుకుంటే బుగ్గలు పక్కకు జారతాయి, ముఖం ఆకారమే మారుతుంది. పట్టీలు ఎంత బిగిస్తే అంత మంచిదనుకోవడం పెద్ద పొరపాటు. మాస్క్ అంచున ఉన్న మెత్తటి సిలికాన్ గాలితో కొంచెం ఉబ్బి చర్మానికి అతుక్కోవాలి. బిగిస్తే అది ముడుచుకుపోయి ఇంకా లీకవుతుంది. పట్టీ కింద ఒక వేలు దూరాలి.

నోరు ఎండిపోవడం అంటే నిద్రలో నోరు తెరుచుకుని గాలి బయటికి పోతోందని. ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికి వైద్యం చేయించాలి. అప్పటికీ నోరు తెరుచుకుంటుంటే నోరూ ముక్కూ రెండూ కప్పే మాస్క్ పెడతారు. కడుపు ఉబ్బరం గాలి మింగడం వల్ల. ప్రెషర్ ఎక్కువైతే వస్తుంది, డాక్టర్ సరిచేస్తారు. మీ నాలుగు కష్టాలకూ మందుంది సార్. పెట్టె దించి ఒకసారి టెస్ట్ చేసిన చోటికి తీసుకెళ్లండి.


సంతపేట టీచర్
మే 28, ఉదయం 6.20

ఆడవాళ్ల కష్టాలు ఎవరూ రాయడం లేదు కాబట్టి నేను రాస్తాను. నాకు 51. మూడేళ్లుగా వాడుతున్నాను. మొదట ముక్కు రంధ్రాల్లో ఆనే చిన్న రకం మాస్క్ ఇచ్చారు. నాది పెళ్లినాటి ముక్కుపుడక, లోపల మర ఉంటుంది. ఆ మర మీద రబ్బరు రాత్రంతా ఒత్తి, నాలుగో రోజుకు చీము పట్టింది. తీసేయమంటే మా అత్తగారు ఒప్పుకోలేదు, నిజం చెప్పాలంటే నాకూ మనసొప్పలేదు. ఇంత చిన్న సంగతి డాక్టరుకు ఎలా చెప్పాలని సిగ్గుపడి నెలరోజులు మాస్క్ మానేశాను. చివరికి చెబితే ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. ముక్కు మొత్తాన్ని గిన్నెలా కప్పే మాస్క్ మార్చారు. పుడక లోపలే ఉంటుంది, అంచు దానికి తగలదు. అంతే, సమస్య తీరిపోయింది. నెలరోజుల చికిత్స ఒక మర దగ్గర ఆగిపోయింది.

జడ గట్టిగా వేసుకుంటే వెనక పట్టీ జడ మీద జారిపోతుంది. నేను పడుకునే ముందు వదులుగా, కిందికి అల్లుకుంటాను. తలకు నూనె రాత్రిపూట మానేశాను. ముఖానికి నూనె, క్రీము ఉంటే సిలికాన్ త్వరగా పాడై జారుతుంది. ముఖం సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని పెట్టుకోవాలి. పొద్దున మాస్క్ అంచును తడిగుడ్డతో తుడిచి, వారానికోసారి సబ్బునీళ్లలో కడిగి నీడన ఆరబెడతాను.

కొర్లగుంట అమ్మాయీ, ఒట్లు పెట్టించొద్దమ్మా. ఒట్టు తప్పిన మనిషి మన ముఖం చూడలేడు. ఆ తర్వాత నిజం చెప్పడం మానేస్తాడు.


ఛాతీ డాక్టర్
మే 28, రాత్రి 9.30

ఊపిరితిత్తుల విభాగంలో పనిచేస్తున్నాను. కొన్ని విషయాలు చేర్చాలనిపించింది.

సీపాప్ అంటే ఆక్సిజన్ కాదు. గదిలోని మామూలు గాలినే కొంచెం ఒత్తిడితో పంపుతుంది. నిద్రలో గొంతు గోడలు దగ్గరికొచ్చి అతుక్కోకుండా ఆ గాలి దన్నుగా నిలబడుతుంది. దీన్ని మొదట చేసి చూపినవారు ఆస్ట్రేలియాలోని సిడ్నీకి చెందిన కోలిన్ సల్లివన్. 1981లో ఐదుగురు రోగుల మీద ఫలితం ప్రచురించారు. అప్పట్లో ముక్కులో గొట్టాలు పెట్టి చుట్టూ సిలికాన్ జిగురుతో అతికించేవారు. అప్పుడు రోగులు ఎంత ఓర్చుకున్నారో తలుచుకుంటే, ఇవాళ మెత్తటి మాస్క్‌ను రోగికి సరిగ్గా అమర్చి ఇవ్వకపోవడానికి మాకు ఏ సాకూ లేదు.

"రోజూ నాలుగు గంటలు చాలు" అని చాలామంది అంటారు. ఆ లెక్క అమెరికాలో ప్రభుత్వ బీమా డబ్బు చెల్లించడానికి పెట్టుకున్న నియమం నుంచి ప్రచారంలోకి వచ్చింది. మొదటి మూడు నెలల్లో ఏదో ఒక 30 రోజుల పాటు, 70 శాతం రాత్రుల్లో కనీసం 4 గంటలు వాడి ఉండాలి. ఆరోగ్యానికి అదే గీత అనుకోవద్దు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, మగత తగ్గినట్టు అనిపించడానికి 4 గంటలు సరిపోయినా, రోజువారీ పనుల్లో చురుకుదనం మామూలు స్థాయికి రావడానికి 7 గంటలు దాటి వాడాల్సి వచ్చింది. 2016లో సేవ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,700 మందికి పైగా అందులో ఉన్నారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి సీపాప్ వల్ల తగ్గలేదు. పగటి మగత తగ్గింది, మనసు తేలికపడింది. కానీ సగటున వాడింది రాత్రికి 3.3 గంటలే. నాలుగు గంటలు దాటి వాడినవారిని విడిగా పోల్చి చూస్తే పక్షవాతం తక్కువగా కనిపించింది. అది ప్రధాన ఫలితం కాదు కాబట్టి దాని మీద పెద్ద మాటలు చెప్పను. మూడు గంటలతో సరిపెట్టుకోవద్దని మాత్రం నా రోగులకు గట్టిగా చెబుతాను.

రోగి మొదటి వారంలో ఎలా వాడితే ఆ తర్వాత కూడా దాదాపు అలాగే వాడతాడు. అందుకే మొదటి వారంలో ఒక్క ఫోన్ కాల్ చాలా పని చేస్తుంది. ఆ కాల్ ఆస్పత్రి నుంచి రాకపోతే మీరే చేయండి, మొహమాటపడొద్దు.


కొర్లగుంట కూతురు
మే 30, రాత్రి 11.20

తెలిసిపోయింది. రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

రాత్రి డ్యూటీ అన్న చెప్పినట్టు మిషన్ లెక్క తీశాను. లీక్ లేదు, ప్రెషర్ 9 దాటలేదు. ప్రతి రాత్రీ 12.50కీ 1.20కీ మధ్య ఠక్కున ఆగింది. ఇవాళ సాయంత్రం అమ్మ గుడికి వెళ్లినప్పుడు నాయన పక్కన కూర్చుని, ఒప్పించే మాట ఒక్కటీ ఎత్తకుండా, "ఒంటిగంటకు ఏమవుతుంది నాయనా?" అని అడిగాను.

ఒంటికి పోవడానికి లేస్తారట. నాలుగు పట్టీలూ విప్పి వెళ్తారు. తిరిగొచ్చాక కళ్లద్దాలు ఉండవు, చీకటి. లైటు వేస్తే అమ్మ లేస్తుందని వేయరు. "పదేళ్ల తర్వాత అది ఆ గదిలో నిద్రపోతోంది, లేపబుద్ధి కాలేదు" అన్నారు. మాస్క్ చేతిలో పట్టుకుని ఏ పట్టీ పైది, ఏది కిందిది అని తడుముకుంటూ మంచం అంచున కూర్చునేవారట. ఒక రాత్రి అరగంట కూర్చున్నారు. ఒకసారి తలకిందులుగా పెట్టుకుంటే గాలి బుస్సుమని కొట్టి అమ్మ లేచింది. అప్పటి నుంచి తీసి పక్కన పెట్టేయడమే. అమ్మ కోసం మాస్క్ తీసేస్తున్న మనిషి మీద నేను 19 రోజులు అరిచాను.

అసలే ముట్టుకోకపోవడానికి కారణం వేరే. ఆ వారం పుత్తూరు నుంచి మా మేనమామ వచ్చి పడుకున్నారు. మిషన్ చూసి "బావకు ఆక్సిజన్ దాకా వచ్చిందా" అని ఊళ్లో చెప్పారట. ఇద్దరు పాత డ్రైవర్లు ఫోన్ చేసి జాలిపడ్డారు. నాయనకు తల కొట్టేసినట్టయింది.

లారీ అన్నతో ఫోన్‌లో మాట్లాడించాను. నలభై నిమిషాలు. ఎయిర్ ఫిల్టర్ దగ్గర మొదలై మొగిలి ఘాట్ దాకా వెళ్లారు. చివర్లో నాయన "నాక్కూడా రెండో ఘాట్‌లో ఒకసారి రెప్ప పడింది, ఎవరికీ చెప్పలేదు" అన్నారు. ఆ బస్సులో ఎంతమంది భక్తులు ఉండి ఉంటారో. మాకు ఇంట్లో ఎవరికీ తెలియదు.


రాత్రి డ్యూటీ
మే 31, ఉదయం 8.05

అమ్మా, దీనికి పైసా ఖర్చు లేదు. మాస్క్ విప్పనే అక్కర్లేదు. మాస్క్‌కూ గొట్టానికీ కలిసేచోట చూడండి, చాలా మాస్క్‌లలో అక్కడ నొక్కితే ఊడే వంపు ముక్క ఉంటుంది. గొట్టం మాత్రం ఊడదీసి, మాస్క్ ముఖాన ఉంచుకునే బాత్రూమ్‌కు వెళ్లి రావచ్చు. వచ్చి టక్కున తగిలించుకోవడమే. పగలు కళ్లు మూసుకుని పదిసార్లు ప్రాక్టీస్ చేయించండి, చేతికి అలవాటవుతుంది. అయస్కాంతం క్లిప్పుల మాస్క్ ఎవరైనా సలహా ఇస్తే, గుండెకు పేస్‌మేకర్ గానీ తలలో లోహపు క్లిప్పులు గానీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా కొనొద్దు. ఆ మాస్క్ పెట్టుకునేవాళ్లే కాదు, పక్కన పడుకునేవాళ్లు కూడా చూసుకోవాలి.


సంతపేట టీచర్
మే 31, ఉదయం 8.40

పై పట్టీకి కుడివైపు ఒక దారం ముడి వేయమ్మా. చీకట్లో వేలికి ముడి తగిలితే అది పైది అని తెలిసిపోతుంది. నేనూ అలాగే చేసుకున్నాను.


ఛాతీ డాక్టర్
మే 31, మధ్యాహ్నం 3.15

రాత్రి మూత్రానికి లేవడం కూడా ఈ జబ్బులో భాగమే కావచ్చు. గొంతు మూసుకున్నప్పుడు ఛాతీ గాలి కోసం లోపలికి గట్టిగా లాగుతుంది. ఆ లాగుడుకు గుండె పైగదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి, మూత్రం పెంచే హార్మోన్ వదులుతుంది. మాస్క్ రాత్రంతా ఉంటే చాలామందికి లేవడం తగ్గుతుంది. మీ నాయన వయసులో ప్రోస్టేట్, షుగర్ కూడా చూపించండి.


చంద్రగిరి స్వామి
మే 31, రాత్రి 10.10

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. నేను ఏటా అయ్యప్ప మాల వేస్తాను. 41 రోజులు గడ్డం తీయం, చాప మీద పడుకుంటాం. పోయినేడు గడ్డం పెరిగేకొద్దీ నోరూ ముక్కూ కప్పే మాస్క్ లీకై, మిషన్ అలారం మోగుతుంటే పీఠంలో తోటి స్వాములకు ఇబ్బంది అని మానేశాను. ఆ 41 రోజులూ పగలు నిద్రమత్తే. ఈసారి మాలలో ఎలా?


రాత్రి డ్యూటీ
జూన్ 1, ఉదయం 7.30

స్వామీ, ముక్కు రంధ్రాల దగ్గర ఆనే చిన్న మాస్క్ గడ్డంతో సంబంధం లేకుండా పనిచేస్తుంది. నోటితో ఊపిరి పీల్చే అలవాటు ఉంటే మాత్రం కుదరకపోవచ్చు. కార్తీకం దాకా ఆగకుండా ఇప్పుడే మార్చి అలవాటు చేసుకోండి. చాప మీద పడుకుంటే మిషన్ కూడా నేల మీదే, కానీ దుమ్ములో కాకుండా ఒక పళ్లెం మీద పెట్టండి, ఫిల్టర్ తరచూ చూసుకోండి. తిరుమల కొండ మీద గదుల్లో ఉండేవాళ్లు ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసుకెళ్లండి, ప్లగ్గు మంచం దగ్గర ఉంటుందన్న నమ్మకం లేదు. గుండు చేయించుకుంటే పట్టీలు వదులవుతాయి, ఆ రాత్రే సరిచేసుకోవాలి.


తిరుచానూరు వాసి
జూన్ 1, ఉదయం 9.00

కరెంటు పోతే ఊపిరాడదేమో అని మా అత్తయ్య భయం. మామయ్య మానేయడానికి అసలు కారణం అదే. హ్యూమిడిఫైయర్‌లో, అదే గాలికి తేమ కలిపే నీళ్ల డబ్బాలో, ఏ నీళ్లు పోయాలో కూడా చెప్పండి. మా బోరు నీళ్లకు గిన్నెలే తెల్లగా కడుతున్నాయి.


రాత్రి డ్యూటీ
జూన్ 1, మధ్యాహ్నం 1.40

నోరూ ముక్కూ కప్పే మాస్క్‌లో గాలి ఆగిపోగానే తెరుచుకునే చిన్న వాల్వ్ ఉంటుంది, బయటి గాలి అందులోంచి వస్తుంది. ముక్కు మాస్క్ అయితే నోరు ఖాళీగానే ఉంటుంది. ఊపిరాడక ఎవరూ ఉండిపోరు, మెలకువ వస్తుంది. పగలు మాస్క్ పెట్టించి స్విచ్ ఆపి అత్తయ్యకు చూపించండి, ఒక్కసారి కళ్లతో చూస్తే భయం పోతుంది. ఇన్వర్టర్ మీద నడిపేటప్పుడు హ్యూమిడిఫైయర్ ఆపేస్తే కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది.

నీళ్లు మెడికల్ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్లు వద్దే వద్దు. క్యాను నీళ్లలోనూ లవణాలు ఉంటాయి. బ్యాటరీ నీళ్లు ఊపిరిలోకి పీల్చడానికి తయారుచేసినవి కావు. దొరకని రోజు హ్యూమిడిఫైయర్ లేకుండానే పడుకోండి. మిగిలిన నీళ్లు రోజూ పొద్దున పారబోయాలి.


మొగిలిఘాట్
జూన్ 1, రాత్రి 8.15

లారీలో వాడేవాళ్లకు ఒక మాట. బ్యాటరీకి నేరుగా వైరు తగిలించొద్దు. మీ మిషన్ మోడల్‌కు సరిపడే కన్వర్టరే కొనండి. నేను లోడు దించాక కోయంబేడులో క్యాబిన్‌లోనే మిషన్ పెట్టుకుని పడుకుంటా. మొదట పక్క లారీవాళ్లు తొంగి చూసేవాళ్లు. ఇప్పుడు అందులో ఇద్దరు టెస్ట్ చేయించుకున్నారు.


గ్రీమ్స్‌పేట రిటైర్డ్
జూన్ 12, ఉదయం 10.30

పెట్టె దించాను. టెస్ట్ చేసిన చోట పడుకోబెట్టి మూడు మాస్క్‌లు మార్చి చూశారు. నాది మీడియం కాదు, స్మాల్. ఇన్నాళ్లూ పెద్ద సైజును బిగించి పుండు చేసుకున్నాను. ప్రెషర్ కూడా తగ్గించారు. ఉబ్బరం ఇంకా కొంచెం ఉంది. తొమ్మిది రాత్రులుగా వాడుతున్నాను.


కొర్లగుంట కూతురు
జూన్ 21, రాత్రి 9.45

మూడు వారాల లెక్క చెబుతున్నాను. సగటు 5 గంటల 35 నిమిషాలు. మిషన్ చూపించే ఏహెచ్ఐ 3కు అటూ ఇటూ. జలుబు చేసిన రెండు రాత్రులు పెట్టుకోలేదు, మేం ఏమీ అనలేదు, మూడో రోజు ఆయనే పెట్టుకున్నారు. రాత్రి లేవడం రెండుసార్ల నుంచి ఒకసారికి వచ్చింది, కొన్ని రాత్రులు అదీ లేదు. బీపీ ఇంకా మాత్రల మీదే ఉంది, వచ్చే నెల చూద్దామన్నారు డాక్టర్. మాస్క్ రంధ్రాల్లోంచి వచ్చే గాలి ముఖానికి కొడుతోందని అమ్మ ఇప్పుడు మంచానికి రెండో పక్క పడుకుంటోంది. హాల్లోకి మాత్రం వెళ్లలేదు.

పుత్తూరు మామ ఫోన్ చేస్తే ఈసారి నాయనే మాట్లాడారు. "ఆక్సిజన్ కాదురా, గాలే. నీ గురక కూడా తక్కువేం కాదు, ఒకసారి చూపించుకో" అన్నారు.

మిషన్ బీరువా దిగి, మంచం పక్కన మా జేజి పాత ట్రంకు పెట్టె మీద ఉంది.


రాత్రి డ్యూటీ
జూన్ 22, ఉదయం 7.10

చాలా సంతోషం అమ్మా. ఆ ట్రంకు పెట్టె ఎత్తు మంచం కంటే తక్కువే కదా? మిషన్ తల కంటే ఎత్తులో ఉంటే గొట్టంలో చేరిన నీళ్లు ముక్కులోకి వస్తాయి.


కొర్లగుంట కూతురు
జూన్ 22, ఉదయం 7.25

తక్కువే అన్నా. ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను, జానెడు కిందికే ఉంది.